పాలిపోయిన కాళ్ల పెట్టలు

పెట్టని చంకలో ఇరికించుకుని తోక కింద రెండు ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూశాను. ఒక్క వేలు కూడా పట్టలేదు. గుడ్లు పెట్టే కోడికైతే రెండు మూడు వేళ్లు పడతాయి. ఇది పెట్టేది కాదు. అయినా కాలికి ఎర్ర రింగు ఉంది. గుడ్లు పొదిగించి పిల్లలు తీయించడానికి నేను ఏరిన పెట్టలకి మాత్రమే వేసే రింగు అది.

నిన్న దీనికి వేశానా? లేదనే అనుకుంటాను. కానీ ఈ ఇంట్లో నా జ్ఞాపకానికి విలువ లేదు. పోయిన విడత తీయించిన పిల్లలు పెరిగి పెట్టలై కూడా సరిగా గుడ్లు పెట్టకపోతే, "ఏరింది నువ్వే కదా" అన్నాడు మా ఆయన అందరి ముందూ. "పొయ్యి మీద పాలే గుర్తుండవు, కోళ్లేం గుర్తుంటాయి" అని అత్తగారు నవ్వింది. నేను ఉద్యోగం మానేసిన సంగతి ఎప్పుడెత్తినా మా ఆయన అనేది ఒకటే: "మానేస్తానని నువ్వే అన్నావు. మర్చిపోయావా?" వినీ వినీ నన్ను నేనే అనుమానించుకోవడం అలవాటైంది. పెట్టని తడిమి చూసి, నమ్మకం చాలక మళ్లీ తడిమేదాన్ని. నా మీద నాకే ఏడుపొచ్చేది.

షెడ్డంతా కలియజూశాను. ఎర్ర రింగులన్నీ నిగనిగలాడే కోళ్లకే ఉన్నాయి. బాగా గుడ్లు పెట్టే కోడికి కాళ్లలోని పసుపంతా సొనలోకి పోతుంది. కాళ్లు పాలిపోతాయి, ఈకలు అరిగి రేగిపోతాయి. నేను ఏరినవి అలాంటివే. అవి మూలన రింగుల్లేని ఉత్త కాళ్లతో తిరుగుతున్నాయి.

వంగి రింగు చూశాను. దాని అతుకు నేనెప్పుడూ కాలి వెనక్కే తిప్పుతాను, ముందుంటే వల కంతల్లో తట్టుకుంటుందని. ఇక్కడ అన్నిటికీ ముందుకే ఉంది. ఇది నా చెయ్యి కాదు. నేను వంటింట్లో ఉండగా ఎవరొచ్చారు? కోడి రెక్కలు కొట్టుకుంటేనే అత్తగారు ఆమడ దూరం పోతుంది. "కొనడానికొచ్చినవాళ్లకి ఈ బక్కచిక్కినవాటినా చూపించేది" అని విసుక్కున్నది మా ఆయనే.

అంతలో అతనే వచ్చాడు.

"ఈ రింగులు ఎవరు వేశారండీ?"

"ఎవరేంటి, నువ్వే! అదీ మర్చిపోయావా?"

తడుముకోలేదు, కళ్లు తిప్పుకోలేదు. ఉద్యోగం సంగతీ ఇంత తేలిగ్గానే అనేవాడు.

నేను ఏరిన పెట్టల్ని ఒక్కొక్కటే పక్క గదిలోకి మార్చి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

"తాళమెందుకు?"

"నాకు మతిమరుపు కదండీ."

నవ్వాడు. నేనూ నవ్వి, చేతులు కడుక్కుంటూ అడిగాను.

"ఉద్యోగం మానేస్తానని అన్నాను కదా, ఎక్కడ కూర్చుని అన్నానండీ? వంటింట్లోనా, ముందుగదిలోనా? ఏమని అన్నాను?"

"అవన్నీ ఇప్పుడెవరికి గుర్తుంటాయి!" అన్నాడు.