సరిచూసితిని

“ఒళ్ళో కాగితాలు పెట్టుకు కూర్చుంటే పప్పు దానంతటదే ఉడుకుతుందిటే?” అంది అత్తగారు వేదవతమ్మ వసారాలోంచి.

పప్పు ఉడికి చాలాసేపయింది. తాలింపూ పడింది, మొగుడు తిని బడికీ వెళ్ళాడు. అత్తగారు తిని, విస్తరి అక్కడే వదిలేసి, వసారాలో చాపమీద నడుం వాల్చింది కూడా. ఆ సంగతి చెబితే ఇంకో మాట వస్తుందని హైమవతి నోరెత్తలేదు. గిన్నె అడుగున మాడిన అన్నం గీకి, ఇంత మజ్జిగ పోసుకుని, నిలబడే తినేసి, చెయ్యి కడుక్కుని మళ్ళీ కలం పట్టుకుంది.

యుద్ధం ముగిసి ఏడాది అయింది. బందరులో కొందరు పెద్దమనుషులు చేరి ఒక సంఘం పెట్టారు. దివిసీమ నుంచీ, గుడివాడ వైపు నుంచీ పటాలంలో చేరి తిరిగిరాని కుర్రాళ్ళ డైరీలు పోగుచెయ్యాలి. చెరిగిపోతున్న పెన్సిలు రాతని సిరాతో ఎత్తిరాయించాలి. ఏ ఊరివాడు, ఏం పని చేశాడు, ఎక్కడ పోయాడు అన్నది పట్టీ కట్టి దాచాలి. మంచి పనే, కాదనను. కార్యదర్శి వెంకటసుబ్రహ్మణ్యంగారు, హైస్కూల్లో తెలుగు మేష్టారు, హైమవతి మొగుడు. పేరు ఆయనది, చేతిరాత ఈవిడది. “మనదంతా స్వచ్ఛంద సేవండీ, దమ్మిడీ ముట్టం” అని ఆయన నలుగురిలో చెప్పుకునేవాడు. తక్కిన సభ్యుల ఇళ్ళల్లోనూ ఇదే భాగోతం. రాసేది ఆడవాళ్ళు, పేరొచ్చేది మగవాళ్ళకి.

అయినా నిజం చెప్పొద్దూ, హైమవతికి ఆ పని ఇష్టమే. ఆ ఇంట్లో ఆవిడ పొద్దున్న చేసిన ఏ పనైనా సాయంత్రానికి కనపడకుండా పోయేది. వండింది తినేసేవారు, తుడిచింది తొక్కేసేవారు, ఉతికింది మాపేసేవారు. రాసిన కాగితం ఒక్కటే మర్నాటికి అలాగే ఉండేది. దాన్ని చూసుకుంటే ప్రాణం లేచివచ్చేది.

సంఘానికి ఒక నియమం ఉంది. ఎత్తిరాసిన ప్రతి పేజీనీ కార్యదర్శి అసలు డైరీతో పోల్చి చూడాలి. చూసి, అడుగున ‘సరిచూసితిని’ అని రాసి సంతకం పెట్టాలి.

ఆవేళ ఆవిడ చేతిలో ఉన్నది కనకరత్నం డైరీ. నాగాయలంక దగ్గర పల్లెకారుల కుర్రాడు, మిషన్ బళ్ళో నాలుగక్షరాలు నేర్చాడు. బర్మాలో పటాలానికి వంట చేస్తూ జ్వరంతో పోయాడు. కాగితాలు తడికి ఉబ్బిపోయి ఉంటే, ఒక్కొక్కటీ ఎండకి ఎత్తిపట్టుకుని కూడబలుక్కుని చదువుతోంది. ‘వాన. పొయ్యి ఓ పట్టాన రాజలేదు. అందరికీ వడ్డించాను’ అన్నంతవరకూ దించింది. ఆ కింద ఇలా ఉంది: ‘వాగులో చేపలు పడ్డాయి. పులుసు పెట్టాను. ఉప్పు చూసే వంకన ముందు నేనే కడుపునిండా తిన్నాను. అమ్మ పెట్టే పులుసంత కాదు గానీ బాగుంది.’

ముందు నేనే. ఆ రెండు మాటల దగ్గర హైమవతి ఆగిపోయింది. యుద్ధంలో, అడవిలో, చావుని పక్కన పెట్టుకుని కూడా ఒక పూట ముందు తిన్నాడు! కాపరానికొచ్చాక తను ఒక్కనాడైనా ముందు తిన్నదా? వేవిళ్ళప్పుడు ఆకలికి కళ్ళు తిరిగి ఒక ముద్ద ముందు తింటే, “మా ఇంట్లో ఆడాళ్ళకి ఇంత తొందర లేదమ్మా” అంది అత్తగారు. మొగుడు నవ్వాడు. ఆ కడుపు నిలవలేదు, ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. పుట్టింట్లో హైమా అనేవారు. ఇక్కడ ఏమే, ఇదిగో, ఎక్కడ చచ్చావ్. ఇలా అనుకుంటూనే ఉంది, చెయ్యి రాసుకుంటూ పోయింది. తెలివొచ్చి చూసుకునేసరికి కనకరత్నం పులుసు ఉండాల్సిన చోట ఇలా ఉంది: ‘అందరూ తిన్నాక గిన్నె అడుగున మాడింది గీక్కుని, నిలబడి తిన్నాను. తిన్నావా అని ఎవరూ అడగలేదు. పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో.’

భయపడి కొట్టేయబోయి ఆగింది. కొట్టేస్తే కాగితం పాడుచేశావని గొడవ. సరే, ఆయన పోల్చి చూస్తాడుగా, పట్టుకుంటాడు, తిట్టినా తిడతాడు అనుకుంది. కాస్త ఆశ కూడా పడింది పిచ్చిది. ఎవరివే ఈ మాటలు అని ఒక్కసారి అడగడా అని.

రాత్రి ఆయన వక్కపొడి నములుతూ కాగితాల కట్ట ముందేసుకున్నాడు. అసలు డైరీ తెరవనుకూడా లేదు. సరిచూసితిని, సంతకం. సరిచూసితిని, సంతకం. అదిగో, అక్కడ ఆవిడకి భయం పోయి ఒళ్ళు మండింది. అడిగితే చెబుదాంలే అని ఊరుకుంది.

నాలుగు రోజుల తర్వాత ఆయనే, సంఘం సభలో చదవడానికి ఏరిన ఆ పేజీ తల్లికి చదివి వినిపించాడు. “పాపం, ఏ తల్లి కన్న బిడ్డో! అడుగంటింది గీక్కుని తిన్నాడుట్రా!” అని వేదవతమ్మ కళ్ళొత్తుకుంది.

“చూశావుటే, లోకంలో జనం ఎన్ని పాట్లు పడుతున్నారో! నీకేం, నీడపట్టున ఉన్నావు” అన్నాడు ఆయన పెళ్ళాంతో.

“ఆ మజ్జిగ ఇలా పొయ్యి” అంది అత్తగారు.

హైమవతి మజ్జిగ పోసింది.

ఆదివారం వాళ్ళ వసారాలోనే సభ. పొద్దున్నించీ పొయ్యి దగ్గరే ఉండి ఇరవైమందికి పులిహోర కలిపింది, కాఫీ కాచింది, మంచినీళ్ళు కూడా నోట్లో పోసుకోలేదు. సంఘం అధ్యక్షుడు ప్లీడరు జగన్నాథంగారు కుర్చీలో కూర్చున్నారు. కనకరత్నం తల్లి పోలమ్మని కబురుపెట్టి పిలిపించారు. ఆవిణ్ణి బయట మెట్లమీద కూర్చోపెట్టారు. హైమవతి తలుపు వెనక నుంచుంది.

వెంకటసుబ్రహ్మణ్యంగారు ఆ పేజీయే చదివాడు. ఎవరో “అయ్యయ్యో” అన్నారు. ఇంకెవరో ముక్కు చీదారు. ఇంతలో మెట్లమీంచి వినపడింది ఏడుపు.

“మాడింది తిన్నాడా నా కొడుకు! నిలబడి తిన్నాడా! ఒక్కరన్నా అడగలేదా అయ్యా తిన్నావా అని? నా కూడు నాకెట్టా దిగుద్దిరా తండ్రీ ఇక!” పోలమ్మ మెట్టుకేసి తల కొట్టుకుంటోంది.

ఊరుకుంటే ఈ ముసల్ది చచ్చేదాకా లేని బాధకి ఏడుస్తుంది. చెబితే మొగుడి పరువు నలుగురిలో పోతుంది, కాగితం మళ్ళీ తన చేతికివ్వరు, ఈ మధ్యాహ్నాలు కూడా పోతాయి. హైమవతికి అన్నీ తెలుసు. తెలిసే గడప దాటింది.

“పోలమ్మా, ఆ మాటలు మీ అబ్బాయివి కావు.”

“లోపలికి వెళ్ళు” అన్నాడు మొగుడు పళ్ళ బిగువున.

ఆవిడ వెళ్ళలేదు. బల్లమీదున్న అసలు డైరీ తీసి, ఉబ్బిన ఆ పేజీ విప్పి, పైకి చదివింది. వాగు, చేపలు, పులుసు, ముందు నేనే కడుపునిండా తిన్నాను, అమ్మ పెట్టే పులుసంత కాదు గానీ బాగుంది.

పోలమ్మ ఏడుపు ఆగింది. “చింతపండు ఎక్కువేసుంటాడు సచ్చినోడు” అంది, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో.

జగన్నాథంగారు కళ్ళజోడు సర్దుకుని కాగితం అందుకున్నారు. “సరిచూసితిని అని మీ సంతకం ఉందేమిటండీ మేష్టారూ? మరి ఇవి ఎవరి మాటలు?”

మేష్టారు కాగితం వెనక్కి తీసుకోబోయాడు.

“నావండీ” అంది హైమవతి.

అందరూ ఆవిడకేసి చూసి, వెంటనే చేతుల్లో ఉన్న పులిహోర ఆకులకేసి చూసుకున్నారు. లోపల్నించి అత్తగారు ఏదో గొణిగింది. పోలమ్మ ఒక్కతే మెట్టుమీంచి లేచి, పైట చెంగుతో మొహం తుడుచుకుని, హైమవతిని ఎగాదిగా చూసింది.

“ఇయ్యాల తిన్నావా తల్లీ?”

హైమవతికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. రాత్రికి ఈ ఇంట్లో ఏం జరగబోతోందో ఆవిడకి తెలియంది కాదు.

“లేదు పోలమ్మా. లోపల పులిహోర ఇంకా ఉంది. రా, వాళ్ళ కాఫీలు తర్వాత చూద్దాం. ముందు మనం కూర్చుని తిందాం.”