రెండు బల్లల నడుమ హరిలాల్

మహబూబాబాద్‌లో కోర్టుకు ఎదురుగానే మా ఆఫీసు. ఒకే గది, మూడు బల్లలు, ముగ్గురు వకీళ్లం. సురేందర్‌ది సివిలు: హద్దులు, పంపకాలు, ఇంజంక్షన్లు. కల్యాణ్‌ది క్రిమినలు: బెయిలు మొదలు అప్పీలు దాకా. మొగుడూ పెళ్లాల తగాదాలు, మనోవర్తి, యాక్సిడెంట్లు, ఇంకా ఎవరూ ముట్టనివన్నీ నావి. ‘అన్ని రకాల కేసులు చూడబడును’ అని బోర్డు రాయించి సురేందర్ తెగ మురిసిపోయాడు. ఎవరి బల్ల మీదిది వాళ్లే చూస్తారన్న సంగతి మాత్రం అందులో రాయించలేదు.

ఒకరోజు తండా నుంచి లచ్చి తన కొడుకు హరిలాల్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. పక్క చేని ఆసామి వీళ్ల చేను కూడా తనదేనంటున్నాడు. ఆ గొడవలో ఆసామి కొడుక్కి తల పగిలింది. పోలీసులు హరిలాల్ మీద హత్యాయత్నం కేసు పెట్టారు.

“నేను చేన్ల దున్నుతున్న సారు. తండ్రీ కొడుకులు కట్టెలు వట్టుకొని మీదికొచ్చిన్రు. కొట్టవోతే నూకిన. వాడు రాయి మీద వడ్డడు, గంతే,” అన్నాడు హరిలాల్.

ముగ్గురం విన్నాం. నాకు వాయిదా ఉండి కోర్టుకు పోయాను. మిగతాదంతా తర్వాత తెలిసింది.

కల్యాణ్ అతన్ని తన బల్ల దగ్గరికి పిలిచాడట. “చేన్ల ఉన్ననంటే నువ్వే కొట్టినవంటరు. ఆ దినం భూపాలపల్లికి కూలికి పోయిన అని రాస్తా,” అన్నాడు. ఆ కాగితం మీద సంతకం కాగానే సురేందర్ పిలిచాడు. “చేను నీ కబ్జాల, నీ సాగుల ఉన్నట్టు చూపాలె. ఆ దినం నువ్వు దున్నుతుంటే వాళ్లు అడ్డమొచ్చిన్రని రాస్తా. నూకిన ముచ్చట ఇండ్ల వద్దు.” హరిలాల్ అక్కడా సంతకం పెట్టాడు. పెద్ద సార్లు చెబుతున్నారు, కాదంటాడా?

క్రిమినల్ విచారణ ముగింపుకు వచ్చాక, ఎదుటి పక్షం సివిల్ కోర్టు నుంచి సురేందర్ వేయించిన అఫిడవిట్ నకలు తెచ్చి జడ్జి ముందు పెట్టింది. ఒకే తారీఖున హరిలాల్ రెండు చోట్ల ఉన్నాడు. ఏది నిజమని జడ్జి అడిగితే హరిలాల్ కల్యాణ్ వైపు చూశాడు. కల్యాణ్ ఫైలు వైపు చూశాడు. చేసేది లేక హరిలాల్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. అప్పటికి అది మూడో కథ అయి కూర్చుంది, ఎవరూ నమ్మలేదు. ఐదేళ్ల శిక్ష పడింది. అతను జైలుకు పోగానే ఆసామి ట్రాక్టరు పెట్టి ఆ చేను దున్నించేశాడు. కబ్జా పోయాక, వాళ్లను చేనులోకి రానివ్వద్దని వేసిన ఇంజంక్షన్ దావా ఇక నిలవదు.

నాకు ఒళ్లు మండిపోయింది. “ఒక్క గదిల కూసుంటరు, ఒకర్నొకరు అడగరా?” అన్నాను.

“నీ ఫైలు నేనెప్పుడన్న తెరిచిన్నా?” అన్నాడు సురేందర్. అదీ మా మర్యాద. ఒకరి కేసులో ఇంకొకరం వేలు పెట్టం. ఆ మర్యాదను తగలెయ్య.

తర్వాతి వారం లచ్చి వచ్చింది. సురేందర్ కొత్త దావా వేద్దామన్నాడు. కల్యాణ్ అప్పీలుకు పోదామన్నాడు. ఆమె ఇద్దరి మాటలూ చివరిదాకా విన్నది.

“చేను వోతే పోనీ సారు. నాకు పిల్లగాడు గావాలె. వాడు ఏం జెప్పిండో గదే రాసి పెద్ద కోర్టుకు పంపున్రి.”

కల్యాణ్ తల ఎత్తలేదు. “అప్పీల్ల కొత్త ముచ్చట చెప్పరాదు అవ్వా. ఈడ రాసినదాని మీదనే నడుస్తది.”

“గది కొత్తది గాదు గద సారు,” అంది లచ్చి. “మీకు మొట్టమొదలు జెప్పింది గదే.”