బ్రేకు ఆయిల్ డబ్బా

గుడివాడలో పూర్ణచంద్రరావుగారి రైసుమిల్లుకి 1998లో కొత్త సుమో వచ్చింది. అప్పటికి పద్నాలుగేళ్లుగా ఆయన డీజిల్ అంబాసిడర్‌ని నడుపుతున్న సీమోను, కొత్త బండి తాళం తన చేతికే వస్తుందనుకున్నాడు. అనుకుని ఊరుకోక భార్య ప్రభావతితో చెప్పేశాడు కూడా. తాళం దానియేలుకి వెళ్లింది.

దానియేలు పరాయివాడు కాదు. ప్రభావతి చెల్లెలి భర్త, అంటే సీమోనుకి తోడల్లుడు. ఆరేళ్ల కిందట పని లేక తిరుగుతుంటే మిల్లుకి తీసుకొచ్చి లారీ మీద పెట్టించింది సీమోనే. మలుపులో గేరు ఎప్పుడు దించాలో, ఎదురుగా బస్సొస్తే కాలవగట్టు మీద ఎంత పక్కకి తియ్యాలో పక్కన కూర్చుని నేర్పిందీ అతనే.

"నీకెందుకయ్యా ఆ మోటు బండి? అంబాసిడర్ నీ మాట తప్ప ఇంకొకళ్ల మాట వినదు" అన్నారు రావుగారు. ఆయన మెచ్చుకుంటున్నాననే అనుకున్నారు. సీమోను తలూపి, బయటికొచ్చి, అప్పటికే తుడిచిన అద్దాన్ని మళ్లీ తుడిచాడు.

ఆనాటి నుంచి అతని కళ్లు దానియేలు చుట్టూనే తిరిగాయి. దానియేలు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని రావడం, రావుగారి కూతురు యశస్విని తల్లితో "దానియేలు నడిపితే మా బాబు నిద్ర లేవడమ్మా" అనడం, అన్నీ కనిపించేవి, అన్నీ వినిపించేవి. ఒక ఆదివారం రావుగారి పని మీద వెళ్తూ దానియేలు సుమోని చర్చి గేటు ముందు ఆపి, ప్రభావతినీ ఆమె చెల్లెల్నీ ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపాడు.

"కుదుపే లేదండీ" అంది ప్రభావతి ఇంటికొచ్చి.

"రోడ్డు బాగుంది, అందుకని" అన్నాడు సీమోను. ఆ పూట అన్నం సయించలేదు.

కార్తీకంలో యశస్విని కొడుక్కి మోపిదేవిలో పుట్టువెంట్రుకలు తీయించాలని అనుకున్నారు. బయల్దేరేది శుక్రవారం పొద్దున. గురువారం సాయంత్రం దానియేలు సుమో బానెట్ ఎత్తి అన్నీ చూసుకుంటున్నాడు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోశాడు, రేడియేటర్ నింపాడు. బ్రేకు ఆయిల్ గీత కిందికి దిగి ఉంది.

"అన్నయ్యా, బ్రేకు ఆయిల్ ఎక్కడుంది?" అని అడిగాడు.

సీమోను అంబాసిడర్ టైరులో గాలి చూస్తున్నాడు. తలెత్తకుండా, "షెడ్డులో అలమర మీద చూసుకో" అన్నాడు.

అలమర మీద రెండు డబ్బాలున్నాయి. కొత్తది వెనకాల ఉంది. ముందున్నది ఎప్పుడో ఖాళీ అయిన బ్రేకు ఆయిల్ డబ్బా. తలుపుల బందులకి రాయడానికి సీమోను అందులో ఇంజను ఆయిల్ పోసి పెట్టుకున్నాడు. పైన రాసి ఉన్నది మాత్రం బ్రేకు ఆయిల్ అనే. దానియేలు చేతికి అందిందే తీసుకున్నాడు. చీకటి పడుతోంది. డబ్బా వంచాడు. బ్రేకు ఆయిలయితే నీళ్లలా పడాలి. ఇది తేనెలా సాగుతూ పడింది. సీమోను ఆరడుగుల దూరంలో నిలబడి చూశాడు.

అది పడితే ఏమవుతుందో అతనికి తెలుసు. లోపల రబ్బర్లు ఉబ్బుతాయి. మొదట బ్రేకులు పట్టేసుకుంటాయి, ఆ తర్వాత అసలే పని చేయకుండా పోవచ్చు. నోరు తెరవడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో అతనికి తోచిందొకటే. దారిలో బండి ఆగిపోతే, ఎవరి చేతికి బండి ఇచ్చారో అందరికీ తెలుస్తుంది.

దానియేలు మూత బిగించి, డీజిల్ కొట్టించుకు రావడానికి బంకుకి వెళ్లాడు. సీమోను ఇంటికి వెళ్లిపోయాడు. పడుకున్నాడు గాని నిద్ర రాలేదు. పొద్దున్నే వెళ్లి చెప్పేద్దామని నిర్ణయించుకున్నాక ఒక కునుకు పట్టింది.

చెప్పడానికే పెందలాడే వెళ్లాడు. వాకిట్లో రావుగారి భార్య సరళమ్మగారు దానియేలు చేతిలో కొత్త బట్టలు పెడుతున్నారు. "శుభమా అని వెళ్తున్నాం, ఇవి వేసుకుని నడుపు నాయనా" అంటున్నారు. ఈ పద్నాలుగేళ్లలో సీమోను వాళ్లని తిరుపతి తీసుకెళ్లాడు, రెండు పెళ్లిళ్లకి తీసుకెళ్లాడు. ఏనాడూ ఎవరూ అతని చేతిలో కొత్త చొక్కా పెట్టలేదు. చెప్పాల్సింది చెప్పకుండానే గేటు తియ్యడానికి వెళ్లాడు. సరళమ్మగారు, యశస్విని, ఏడాది బాబు ఎక్కారు. సుమో గేటు దాటింది.

సీమోను షెడ్డులో స్టూలు మీద కూర్చున్నాడు. ఈపాటికి పామర్రు రోడ్డెక్కి ఉంటారు. పామర్రు నుంచి కూచిపూడి, ఆ తర్వాత చల్లపల్లి. కాలవ రోడ్డు పక్కనే ఉంటుంది, చాలాచోట్ల గోడ కూడా లేదు. ఎక్కేటప్పుడు బాబు కిటికీలోంచి అతని వంక చూసి నవ్విన సంగతి గుర్తొచ్చింది. ఇక కూర్చోలేకపోయాడు.

ఆఫీసు గదిలోకి వెళ్లి, "బాబుగారూ, సుమోలో బ్రేకు ఆయిల్ బదులు వేరే ఆయిల్ పోశాడండి దానియేలు. వెళ్లి ఆపాలి" అన్నాడు.

రావుగారు చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వచ్చి అంబాసిడర్‌లో కూర్చున్నారు.

పామర్రు దాటాక ఆయన, "తప్పు నాదేనయ్యా. ఆ బండి నీకే ఇవ్వాల్సింది" అన్నారు.

ఈ మాట కోసమే నాలుగు నెలలుగా సీమోను ఎదురుచూశాడు. విన్నాక సిగ్గేసింది. నిజం చెప్పాలంటే కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆ హాయికి తన మీద తనకే అసహ్యం వేసింది. బండి వేగం ఇంకాస్త పెంచాడు.

కూచిపూడికి ఇవతల, ఒక టీకొట్టు దగ్గర సుమో ఆగి ఉంది. చక్రాల కింద అడ్డంగా ఇటుకలు పెట్టి ఉన్నాయి. ఆడవాళ్లిద్దరూ కొట్టు లోపల బెంచీ మీద కూర్చున్నారు. బాబు బిస్కెట్ తింటున్నాడు. దానియేలు కొత్త చొక్కా విప్పి పక్కన పెట్టి, బనీనుతో చక్రం దగ్గర కూర్చుని ఉన్నాడు.

"పామర్రు దాటాక బండి వెనక్కి లాగుతున్నట్టనిపించిందండి. కాలుతున్న వాసనొచ్చింది. దిగి చూస్తే చక్రాలు పొయ్యిలా ఉన్నాయి. ఇంక ముందుకి పోనివ్వలేదు" అన్నాడు లేచి నిలబడి.

"ఏం పోశావురా అందులో?" అన్నారు రావుగారు.

"బ్రేకు ఆయిలేనండి." దానియేలు సీటు కింద నుంచి డబ్బా తీసి చూపించాడు. దారిలో మళ్లీ అవసరం పడుతుందేమోనని వెంట తెచ్చుకున్నాడు. రావుగారు మూత తీసి వేలితో తాకి చూశారు. "ఇది ఇంజను ఆయిల్. చదువుకున్నావు, రంగు చూసుకోవద్దూ?"

దానియేలు తన వేళ్లకి రాసుకుని చూసి నిర్ఘాంతపోయాడు. "డబ్బా మీద..." అని ఆగిపోయి, సీమోను వైపు తిరిగాడు. ఆ చూపులో అనుమానం లేదు. అన్నయ్య ఏదన్నా చెబుతాడేమోనని చూశాడు, అంతే.

"అందులో ఇంజను ఆయిల్ పోసి పెట్టింది నేనేనండి" అన్నాడు సీమోను. "వీడికి తెలీదు. నిన్న వీడు పోస్తుంటే చూశాను. చూసి ఊరుకున్నాను."

కొట్టు లోపల నుంచి సరళమ్మగారు వచ్చి, "బాబు ఎక్కుతున్నాడని తెలిసే ఊరుకున్నావా సీమోనూ?" అని అడిగారు. గొంతు పెంచలేదు.

"తెలుసండి."

"ఎందుకూ?"

జవాబు అందరికీ తెలిసిందే. అయినా అతను చెప్పాడు. "బండి వీడికిచ్చారని, కడుపుమంటండి."

రావుగారు చెయ్యి చాపారు. సీమోను అంబాసిడర్ తాళం ఇచ్చాడు. ఆయన దాన్ని దానియేలుకి అందించి, "ముహూర్తం దాటిపోకముందే చేరుకోవాలి, పద" అన్నారు. తర్వాత సీమోనుతో, "ఆ బండి బాగు చేయించుకుని రా. రేపటి నుంచి లారీ ఎక్కు. నా ఇంట్లోవాళ్లు కూర్చునే బండిని మళ్లీ ముట్టుకోకు" అన్నారు.

అంబాసిడర్ మొదటి గేరులో కీచుమంది. దానికి క్లచ్ నిదానంగా వదలాలి, ఆ సంగతి దానియేలుకి తెలీదు. ఇంత జరిగాక కూడా, తన సీట్లో ఇంకొకడు కూర్చుని వెళ్తుంటే సీమోను గుండెలో భగ్గుమంది.

పామర్రు నుంచి భూషణం అనే మెకానిక్‌ని పిలుచుకొచ్చాడు. గొట్టాలన్నీ కడిగి, ఉబ్బిన రబ్బర్లు తీసి కొత్తవి వేసి, కొత్త ఆయిల్ పోసేసరికి సాయంత్రమైంది. సీమోను ఒక్కడే ఆ బండిని గుడివాడ దాకా నడుపుకుంటూ వచ్చాడు. సుమోని అతను నడిపింది ఆ ఒక్కసారే. బండి చాలా బాగుంది. ప్రభావతి అన్నట్టు కుదుపే లేదు. తాళం ఆఫీసు బల్ల మీద పెట్టి నడుచుకుంటూ ఇంటికెళ్లాడు.

ఆ తర్వాత దివిసీమ నుంచి ధాన్యం తెచ్చే లారీ ఎక్కాడు. దానియేలు నాలుగు నెలలు అతనితో మాట్లాడలేదు. అక్కచెల్లెళ్లిద్దరూ చర్చిలో చెరోవైపు కూర్చునేవారు. మార్చిలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక దానియేలే దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజు నువ్వు రాకపోయినా నేను బండి ఆపేవాణ్ణే అన్నయ్యా."

"తెలుసు. నేనొచ్చేసరికే ఆపావుగా."

"మరి పరిగెత్తుకొచ్చావెందుకు?"

"నువ్వు ఆపుతావని అప్పుడు తెలీదు" అన్నాడు సీమోను. కాస్త ఆగి, "నేను నేర్పినోడివేగా, తెలిసుండాల్సింది" అన్నాడు.

దానియేలు నవ్వలేదు గాని, వెళ్లిపోనూ లేదు. ఇద్దరూ ఆడవాళ్లు బయటికొచ్చేదాకా గేటు దగ్గర నిలబడ్డారు.

ఇంటికెళ్లాక కంచంలో అన్నం పెడుతూ ప్రభావతి అడిగింది. "ఇప్పుడన్నా పోయిందాండీ, ఆ మంట?"

సీమోను ఆలోచించాడు. ఆమెకి అబద్ధం చెప్పాలనిపించలేదు.

"ఉంది. అప్పుడున్నంత లేదు" అన్నాడు.

ప్రభావతి వచ్చే ఆదివారం చెల్లెలి కుటుంబాన్ని భోజనానికి పిలిచానని చెప్పి, కూర వడ్డించింది.