పరుపు మీద అరగంట

"తడిగుడ్డ పెట్టకు, లోపల రాగి చుట్టలున్నాయి. పొడిగుడ్డ, అదీ మెత్తటిది చూసి తుడువు," అన్నాడు భర్త పేపరు మీంచి తల ఎత్తకుండానే.

ఆమె గుడ్డ మార్చుకొచ్చి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. ముందుగదిలో సోఫాను గోడకు నెట్టి, ఆ జాగాలో పరిచిన నల్లటి పలుచని పరుపు అది. ఒక మూల నుంచి తీగ బయలుదేరి చిన్న మిషన్‌లోకి వెళుతుంది. మీట నొక్కితే పచ్చలైటు వెలుగుతుంది, పరుపులోంచి అయస్కాంత తరంగాలు ఆగి ఆగి కొడతాయి. ఒంటికి మాత్రం ఏమీ తెలియదు. తెలియకపోవడమే దాని గొప్పతనం అన్నాడట అమ్మినతను.

భర్త బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. పొద్దున్నే పార్కులో నడిచేవాళ్ళతో కలిశాక ఆయనకు ముసలితనం భయం పట్టుకుంది. అంతకుముందు ఆయన దేనికీ భయపడి ఎరుగడు. ఇంట్లో భయపడాల్సినవన్నీ ఆమె వాటాకే వచ్చేవి. ఆ పార్కులోనే ఒకతను ఉపన్యాసం ఇచ్చాడు. ఒంట్లో ప్రతి కణం ఒక బ్యాటరీ, వయసుతో చార్జి దిగిపోతుంది, ఈ తరంగాలు మళ్ళీ ఎక్కిస్తాయి, రోగాలు గుమ్మం బయటే ఆగిపోతాయి అన్నాడు. ఆ సాయంత్రమే పరుపు ఇంటికొచ్చింది.

దానితో ఆమెకు మరో పసిబిడ్డను పెంచినంత చాకిరీ వచ్చిపడింది. ఆయన పడుకునే ముందు నీళ్ళు తాగాలి, అవి ఆమె తేవాలి. వాచీ తీసి ఇస్తే దాచాలి, తర్వాత అది ఎక్కడుందో ఆయన అడగకముందే చెప్పాలి. ఫోను దూరంగా ఉండాలి కాబట్టి ఆయనకొచ్చే ఫోన్లన్నీ ఆమె మాట్లాడాలి. తలుపు గంట రెండోసారి మోగకముందే పరుగెత్తాలి. వంటింట్లో గరిటె చప్పుడు కాకూడదు. ఆయన లేచాక మళ్ళీ నీళ్ళు, మళ్ళీ తుడవడం, చుట్టి పెట్టడం. అదంతా అయ్యాక ఆమె ల్యాబుకు పరుగు తీసేది. రక్తపరీక్షలకు సూది గుచ్చి రక్తం తీయడం ఆమె ఉద్యోగం. రోజంతా నిలువుకాళ్ళ మీద. తన దగ్గరే సూది పట్టడం నేర్చుకున్న అమ్మాయి ఇప్పుడు ఇన్‌చార్జి అయి, "కొంచెం చురుగ్గా కానివ్వండి, పెద్దావిడా," అంటూ ఉంటుంది.

ఒకరోజు భర్త వాళ్ళమ్మను పిలిచాడు. "రామ్మా, నువ్వూ ఓ అరగంట పడుకో. నూరేళ్ళు గ్యారంటీ."

"నాకు పనికిరాదురా," అంది అత్తగారు. "గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దాని దగ్గరికి పోకూడదని కోడలు చెప్పింది."

"నీకు పేస్‌మేకరెప్పుడు పెట్టారు?"

"పెట్టి చాన్నాళ్ళయింది. నువ్వప్పుడు ఏదో ట్రైనింగులో ఉన్నావు. సంతకం కూడా కోడలే పెట్టింది. నీకు చెప్పాం. ఊ అన్నావు."

ఆయన ఇప్పుడు కూడా ఊ అన్నాడు. అన్నాక వెళ్ళి పరుపు మీద తానే పడుకున్నాడు.

ఆ వారంలోనే ఒక ఆదివారం ఆమెకు నడుము పట్టేసింది. "ఈ పూట నేనోసారి పడుకోనా?" అని అడిగింది. ఆయన నవ్వాడు. కోపంగా కాదు, ముద్దుగానే నవ్వాడు. "నీకెందుకోయ్! నీది గుండురాయి లాంటి ఒళ్ళు. ఎప్పుడైనా మంచం పట్టావా?" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట విని ఆమె గర్వపడింది. పిల్లలు పుట్టాక విన్నప్పుడు అలవాటైంది. ఈసారి విన్నప్పుడు మాత్రం, గుండురాయిని ఎవరూ పరుపు మీద పడుకోబెట్టరు కదా అనిపించింది. అనుకుని, వంటింట్లోకి పోయింది.

గుండురాయికి అక్కి లేచింది. నడుము ఒక పక్కంతా నిప్పురవ్వలు చల్లినట్టు పొక్కులు. చీర అంచు తగిలితే ప్రాణం పోయినంత పని. డాక్టరమ్మ చూసి, చిన్నప్పటి ఆటలమ్మ క్రిమే ఒంట్లో దాక్కుని ఉంటుందని, ఒంటి శక్తి తగ్గినప్పుడు ఇలా లేస్తుందని చెప్పి, మందులు రాసింది.

"మా ఇంట్లో అయస్కాంతం పరుపుంది," అంది ఆమె, చెప్పాలో వద్దో తెలియక.

"విరిగిన ఎముక అతుక్కోకపోతే అలాంటి తరంగాలు వాడటం ఉంది. వయసు ఆపుతాయి, రోగాలు రానివ్వవు అనేదానికి మాత్రం గట్టి రుజువులేం లేవమ్మా. మీకు కావాల్సింది మందులు, విశ్రాంతి. పగటిపూట చివరిసారి ఎప్పుడు పడుకున్నారు?"

ఆమె ఆలోచించింది. రెండో కాన్పప్పుడు. అది కూడా పక్కలో పిల్లవాడున్నాడు కాబట్టి. బయటికి మాత్రం "గుర్తులేదండీ" అంది.

ఇంటికొచ్చి చెబితే భర్త ముఖం మాడిపోయింది. "ఇంత మంచి మిషన్ ఇంట్లో పెట్టుకుని నీకు రోగమేంటి? పార్కులో వాళ్ళు వింటే నవ్వరూ?" కాసేపు అటూ ఇటూ తిరిగి, పరుపు తానే పరిచాడు. "పడుకో. పొద్దునా సాయంత్రం అరగంట. నీకు తగ్గేదాకా నా వంతు నీకే ఇచ్చేస్తున్నా. మధ్యలో లేచావంటే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే."

ఆమె పడుకుంది. ఆయన మీట నొక్కాడు. వంటింట్లో పాలు పొంగే చప్పుడైతే ఆమె లేవబోయింది. "లేవకూడదన్నానా!" అని ఆయనే పరుగెత్తాడు.

ఆమెకు మొదటి రెండు రోజులూ భయంగానే ఉంది. పరాయి ఇంట్లో చెప్పకుండా నిద్రపోతున్న మనిషిలా ఒళ్ళు బిగబట్టుకుని పడుకుంది. తలుపు గంట మోగింది, ఆయన తీశాడు. ఫోను మోగింది, ఆయన మాట్లాడాడు. అవతల ల్యాబు ఇన్‌చార్జి. గ్లౌజులు వేసుకుని వచ్చేయొచ్చు కదా అంటోంది. "ట్రీట్‌మెంట్‌లో ఉంది, లేవకూడదు," అన్నాడాయన, తానే డాక్టరైనట్టు. చెంచాల డబ్బా ఎక్కడని ఆయన అరిస్తే "వెతుక్కోరా, అది ఇల్లే, అడవి కాదు," అని అత్తగారు గదిలోంచి అంది. ఇన్నేళ్ళూ ఈ ఇల్లు తను ఒక్క నిమిషం కన్ను మూస్తే కూలిపోతుందనుకుంది. పాలు మాడాయి, పళ్ళెం పగిలింది, ఎవరి బట్టలో ఎవరి అరలోకో వెళ్ళాయి, అయినా గోడలు గోడల్లాగే నిలబడ్డాయి. తను లేకపోతే జరగదని అందరూ అన్నది పొగడ్త కాదు, కాపలా. అది తెలిశాక ఆమెకు ఏడుపు రావాలి. నిద్ర వచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు తల పక్కకు తిప్పితే మిషన్ మీద పచ్చలైటు కనిపించలేదు. ఆయన మీట నొక్కి, పొయ్యి గుర్తొచ్చి వెళ్ళిపోయాడు, చూసుకోలేదు. సాయంత్రం కూడా లైటు వెలగలేదు. మర్నాడూ అంతే. చెప్పాలని నోరు తెరిచింది. చెబితే? లేవమంటారు. నోరు మూసుకుంది. దొంగతనం చేస్తున్నట్టనిపించింది. తన అరగంటను తనే దొంగిలించడం కూడా దొంగతనమేనా అని ఆలోచిస్తూ నిద్రపోయింది.

పొక్కులు ఎండాయి, మంట తగ్గింది. ముఖంలో ఏదో వెలుగు వచ్చిందని అత్తగారే అంది. భర్త ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నడకబృందాన్ని పెళ్ళాలతో సహా టీకి పిలిచాడు. పరుపు అమ్మినతను కూడా మెరిసే బూట్లతో వచ్చాడు.

"చెప్పవోయ్, నీకెలా తగ్గిందో నువ్వే చెప్పు," అన్నాడు భర్త.

ఆమె టీ పళ్ళెం బల్ల మీద పెట్టింది. అబద్ధం చెప్పడం సులువే. తల ఊపితే చాలు, అంతా చప్పట్లు కొట్టేలా ఉన్నారు. కానీ ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళ కళ్ళ కింద నల్లటి చారలు చూసింది.

"డాక్టరమ్మ మందులిచ్చింది, వేసుకున్నాను. పడుకున్నాను, ఎవరూ లేపలేదు. తగ్గింది," అంది. "మిషన్ ఎప్పుడో ఆగిపోయింది."

అమ్మినతను వంగి మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "కనెక్షన్ పోయినట్టుందండీ, మార్చేస్తాం," అన్నాడు నీరసంగా. మగవాళ్ళంతా మిషన్ చుట్టూ మూగారు. ఆడవాళ్ళలో ఒకావిడ మాత్రం ఆమె వైపు జరిగి గుసగుసగా అడిగింది. "పగలు? రోజూనా? ఇంట్లో ఏమని చెప్పి పడుకునేవారు?"

"మిషన్ ఉందని."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు వేళ్ళ సందుల్లోంచి వచ్చింది. అది పక్కావిడకు అంటుకుంది, ఆ పక్కావిడకు కూడా.

అందరూ వెళ్ళాక భర్త ఖాళీ కప్పుల మధ్య కూర్చున్నాడు. "పదిమందిలో నా పరువు తీశావు. లైటు వెలగట్లేదని ముందే చెబితే నీ సొమ్మేం పోయేది?"

"ముందే చెబితే లేపేవారుగా," అంది ఆమె.

ఆయన ఏదో అనబోయాడు. మానేసి, ఒక కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. మిగతావి అక్కడే ఉన్నాయి. ఆమె వాటిని ముట్టుకోలేదు.

మర్నాడు పరుపు రిపేరుకు వెళ్ళిపోయింది. ఆమె ల్యాబు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ముందుగదిలో ఖాళీ అయిన జాగాలో ఒక దుప్పటి పరిచింది. ఫోను ఆపేసి పడుకుంది. భర్త గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు.

"ఎంతసేపు?" అన్నాడు.

"లేచేదాకా," అంది ఆమె. అని, కళ్ళు మూసుకుంది.