నలభై మూడో పేజీ

"మూడు కాపీలు, మావిస్. మళ్ళీ కార్బన్ తిరగేసి పెట్టకు," అన్నాడు క్లిఫర్డ్ పేపర్లోంచి తలెత్తకుండా.

మా ఆయన హాస్య చిత్రాలు రాస్తాడు. పెద్దవి కావు. పద్నాలుగు రోజుల్లో చుట్టేసి, అసలు సినిమాకు ముందు వేసే చవక రకం. టైపిస్టును పెట్టుకునే స్తోమత లేదు కనక ఆ పని నాది. జోకు పేలకపోతే "నువ్వు కొట్టడంలోనే చచ్చింది" అంటాడు. అత్తగారు ఆదివారం భోజనానికొచ్చి, "మావాడు లోకాన్నంతా నవ్విస్తాడు, నీ మొహాన మాత్రం నవ్వుండదేమే?" అంటుంది. నేను ఆలుగడ్డలు వడ్డిస్తాను.

ఆ మధ్యాహ్నం నలభై మూడో పేజీకొచ్చాను. అందులో భార్య పెట్టె పుచ్చుకుని స్టేషనుకెళుతుంది. బెంచీ మీద కూర్చుని ఎడమ చేతి గ్లవ్ తీస్తుంది, తొడుగుతుంది, మళ్ళీ తీస్తుంది. రైలొస్తుంది. బోగీ తలుపు పిడి పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. "ఎక్కుతారా, పిడికి మెరుగు పెడుతున్నారా అమ్మా?" అంటాడు పోర్టరు. ఇక్కడ నవ్వు, అని రాసుంది.

నా వేళ్ళు ఆగిపోయాయి. ఆ పోర్టరు ఆ మాటన్నది నాతో. పోయిన నవంబరులో, మా సర్బిటన్ స్టేషన్లో. ఎక్సెటర్‌లో ఉన్న మా అక్క దగ్గరికి, ఇక తిరిగి రాకూడదనే బయల్దేరాను. పిడి మీద చెయ్యి వేశాక, క్లిఫర్డ్ చీకటింట్లోకొచ్చి, చల్లారిన పొయ్యి చూసి, గదిగదికీ నన్ను పిలుస్తూ తిరగడం కళ్ళకు కట్టింది. గుడ్డు ఉడకబెట్టుకోవడం కూడా రాని మనిషి. వెనక్కొచ్చి, ఆరింటికల్లా కూర వండేశాను. పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళానని చెప్పాను. నేను లేకపోతే ఒక మనిషి కూలిపోతాడన్న ఆ ఒక్క నమ్మకంతోనే చలికాలమంతా పొద్దున్నే మంచం దిగాను.

"ఈ సీను నీకెక్కడ దొరికింది?" అన్నాను.

"బాగుంది కదూ? ప్రొడ్యూసరు పడీ పడీ నవ్వాడు. షూటింగుకి స్టేషను ఆదివారం ఉచితంగా ఇస్తారట కూడాను!"

"నువ్వక్కడ ఉన్నావా, క్లిఫ్?"

పైపు దులిపాడు. "అదే ప్లాట్‌ఫారం మీద, స్తంభం పక్కన. ఆ రోజు తొందరగా వచ్చేశాలే."

"పెట్టె కూడా చూశావా?"

"చూశాను."

"మరి పిలవలేదేం?"

నా అమాయకత్వానికి జాలిపడ్డట్టు చూశాడు. "పిలిస్తే ఆపేసేదానివి కదా. అంత బ్రహ్మాండంగా చేస్తుంటేనూ!"

నేను వెళ్ళిపోతుంటే చూస్తూ, ఈయన జేబులోంచి పెన్సిల్ తీశాడన్నమాట.

ఇక ఒక్క పేజీ మిగిలింది. అందులో ఆమె ఇంటికి తిరిగొస్తుంది. భర్త "టీ ఏదీ?" అంటాడు. హాలంతా గొల్లున నవ్వాలి. ఆ పేజీ నువ్వే కొట్టుకో అని చెప్పి, కోటు వేసుకున్నాను.