అత్తయ్యను గుర్తుపట్టని తలుపు

మెక్నెస్‌లో మేముండే భవనానికి ఈ వేసవిలో ముఖం చూసి తెరుచుకునే తలుపొచ్చింది. దొంగల భయమని పెట్టించినవారు మా భవన సంఘం అధ్యక్షులు లహ్లూగారు. ఇక్కడ చివరిసారి పోయింది ఆయన గొడుగే. అదీ ఆయనే మసీదులో మర్చిపోయి వచ్చారు.

మా అత్తయ్య లల్లా రఖియా రోజూ రొట్టెల పళ్ళెం నెత్తిన పెట్టుకుని సందు చివరి బట్టీకి వెళ్ళి కాల్పించుకొస్తుంది. బట్టీ అబ్బాస్ ఇరవై ఇళ్ళ రొట్టెల్లో మావేవో చూడగానే చెప్పేస్తాడు. ఈ తలుపేమో, అత్తయ్య నుదుటి మీదకి పళ్ళెం గుడ్డ కాస్త జారితే చాలు, "నేరుగా చూడండి" అని ఒకటే పాట. గుడ్డ సర్దుకుందామంటే రెండు చేతులూ వేడి పళ్ళేనికే సరి. పోయిన మంగళవారం రొట్టెలన్నీ మెట్ల మీద దొర్లాయి. అప్పట్నుంచి ఆవిడ గడప దాటలేదు. ఎనభై ఏళ్ళ మనిషికి ఉన్న షికారు అదొక్కటే.

వెళ్ళి అడిగాను.

"గుడ్డ తీసి రమ్మనమ్మా ఆవిణ్ణి," అన్నారు లహ్లూగారు.

"ఆ మాట మీరే వచ్చి చెప్పండి."

ఆయనకంత ధైర్యం లేదు.

"పోనీ, మా ముఖాల బొమ్మలు యంత్రంలో దాచిపెట్టడానికి సర్కారీ కమిషన్ అనుమతి ఉందా?"

"దరఖాస్తు పెట్టాం."

"అనుమతొచ్చాక కదా తలుపు రావాల్సింది?"

"తలుపు ముందొచ్చింది. నేనేం చెయ్యను?"

ఆ కమిషన్‌కి ఫిర్యాదు రాసి, జవాబు కోసం కూర్చుంటే అత్తయ్య కాళ్ళు పట్టేస్తాయి. సొంత వివరాల చట్టం తెచ్చుకుని నేనే చదివాను. మన గురించి ఎవరైనా దాచింది మనకు చూపించమని అడగొచ్చట. డాబా మీద బట్టలారేస్తూ ఆడవాళ్ళందరి చెవినా వేశాను.

మర్నాడు లహ్లూగారికి పదకొండు ఉత్తరాలు. ఈ వారం తలుపు దాచిన నా బొమ్మలన్నీ ఇవ్వండి, పక్కవాళ్ళ ముఖాలు చెరిపి మరీ ఇవ్వండి, అని. రెండ్రోజులు ఆయన కంప్యూటర్ ముందే ముఖాలు చెరుపుతూ కూర్చున్నారు. తొమ్మిదో ఉత్తరం ఆయన భార్య ఘీతాది.

"నువ్వూనా?"

"నా ముఖం ఎలా ఉందో చూద్దామని. పెళ్ళయ్యాక మీరు చూసి చెప్పింది లేదుగా."

మూడోరోజు పొద్దున్న ఆ యంత్రం తీగ పీకేసి ఉంది. పనివాడొచ్చి పాత తాళం బిగించేదాకా తలుపు పట్టుకుని లహ్లూగారే నిలబడ్డారు. అత్తయ్య వేడి రొట్టెలతో వచ్చి, ఆయన ముందు ఆగింది.

"ఎవరు బాబూ? గుర్తుపట్టలేకపోతున్నా. నేరుగా చూడు."

లహ్లూగారు నేరుగా చూశారు.

ఆవిడ తీరిగ్గా పరిశీలించి, లోపలికొచ్చింది.