తొమ్మిది సెకన్ల వీపు

వీడియో తీసినవాడా, దాన్ని కోసినవాడా, కింద ఆ రాత అతికించినవాడా! మీరెక్కడో లేరు. ఈ వీధుల్లోనే, ఈ కుళాయి నీళ్లే తాగుతూ ఉన్నారు. చూసి, ఒక్క ప్రశ్న వేయకుండా పక్కవాడికి తోసినవాళ్లు మీకేం తీసిపోరు. "ఏదో మంచికే పంపాం" అనే మాట ఇక ఎవరి నోటా రాకూడదు.

ఆ రోజు పొద్దున ఆరున్నరకు నీళ్లాయన ట్యాంకు మీద ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. సొంత పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పలకదు. పొట్టి మనిషి. నూట పన్నెండు మెట్లు బకెట్టు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారిపోయింది. బ్లీచింగ్ పౌడరు కొరికి కొరికి అరచేతులు ఎండిన చెరువులా నెర్రెలు విచ్చాయి. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు. పౌడరును బకెట్టు నీళ్లలో కర్రతో తిప్పాడు. మడ్డి అడుక్కి దిగేదాకా గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. పైకి తేరిన, ఇంకా కాస్త తెల్లగానే ఉన్న నీళ్లను మూత తెరిచి ట్యాంకులోకి మెల్లగా వంచాడు. నీళ్లలో పురుగు చావాలంటే అదే మందు. ఎనిమిది వందల ఇళ్లలో పిల్లలు వాంతులూ విరేచనాలూ లేకుండా పెరిగారంటే ఆ వంగిన వీపు చలవే. అదేమిటని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఎదురు మేడ మీద ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నారు. ఆయన అటు చూడలేదు.

పదింటికి ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాడు. ట్యాంకు నిండటానికి మూడు గంటలు, కంచం ఖాళీ కావటానికి మూడు నిమిషాలు అని భార్య ఎకసెక్కెమాడింది. చెయ్యి కడుక్కునేలోపు బావమరిది దగ్గర్నుంచి వీడియో వచ్చింది. మొత్తం తొమ్మిది సెకన్లు. ఎత్తైన చోట ఒక మనిషి, వెనకనుంచి. మొహానికి గుడ్డ. తెల్లటిదేదో నీళ్లలోకి వంచుతాడు. అంతే. కింద రాత: "తాగే నీళ్లలో విషం కలుపుతున్న దుర్మార్గుడు. తీసేసేలోపు అందరికీ పంపండి." ఊరి పేరు లేదు, తేదీ లేదు, తీసినవాడి ఊసు లేదు.

నీళ్లాయన రెండుసార్లు చూశాడు.

"వీడి చేతులు విరగ్గొట్టాలి," అన్నాడు.

"ఎవరి చేతులండీ?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"ఎవడో. నీళ్ల జోలికొచ్చినోడు మనిషే కాదు."

ఆమె చేతులు అంట్లలో ఉన్నాయి, చూడలేదు. ఆయన ఆ వీడియోను వీధుల గ్రూపులో పెట్టాడు. కింద "జాగ్రత్త" అని తన మాట కూడా తగిలించాడు.

మొహమంటే రోజూ అద్దంలో కనిపిస్తుంది. తన వీపు ఎవడు చూసుకున్నాడు?

గ్రూపులో ఒక్క లెక్కల మాస్టారు మాత్రం, ఇది ఎక్కడిదో ముందు కనుక్కోండయ్యా అని రాశాడు. నీళ్ల సంగతి నీళ్లాయన కన్నా మీకెక్కువ తెలుసా మాస్టారూ అని ఎవరో ఎగతాళి చేశారు. గంటలోపు ఒకడు బొమ్మను పెద్దది చేసి ఇనుప కమ్మీలు గుర్తుపట్టాడు. అది మన ట్యాంకే. ట్యాంకెక్కేది ఒక్కడే. మరి వాడే ఎందుకు పంపుతాడని ఎవరికైనా తట్టిందా? తట్టింది. దొంగే దొంగా దొంగా అని అరిచాడనుకున్నారు. కక్ష కట్టిన కంటికి కానిదీ సాక్ష్యమే. ఒక ఇంట్లో ఎండలో ఆడొచ్చిన పిల్ల వాంతి చేసుకుంది. ఇంకేం కావాలి? ఒక ఛానలువాళ్లు ఎవర్నీ అడక్కుండా ఎర్ర అక్షరాలతో అదే తొమ్మిది సెకన్లు తిప్పి తిప్పి చూపించారు.

పన్నెండున్నరకు భార్య ఫోను తీసింది. రెండో సెకనుకే ఆమె గుర్తుపట్టింది. ఆ జారిన భుజానికి ఎన్నేళ్లుగా నూనె రాసిందో ఆమెకే తెలుసు. వెంటనే ఆయనకు ఫోను చేసింది. ఆయన చివరి వీధి కుళాయి దగ్గర నీళ్లు పరీక్ష చేస్తున్నాడు.

"ఏవండీ, ఆ వీపు మీదేనండీ."

ఆయన చేతిలోని గాజు గొట్టాన్ని కుళాయి గట్టు మీద పెట్టాడు.

"నాదా?" అన్నాడు.

"ఇంటికొచ్చేయండి. మీకు దండం పెడతాను."

"పిచ్చిదానా, భయమెందుకు? చెబితే వింటారు. అందరూ నేనిచ్చిన నీళ్లు తాగినోళ్లేగా."

గ్రూపులో చూసినవాళ్లు గుంపుగా వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. అది రోజూ వేసే పౌడరేనని చెప్పాడట. కావాలంటే తాగి చూపిస్తానని కుళాయి కింద దోసిలి పట్టాడట. ఆ నీళ్లు నోటిదాకా పోలేదు.

చెయ్యెత్తింది ఒక్కడేనని ఇప్పుడందరూ అంటున్నారు. ఒక్క చేత్తో అన్ని దెబ్బలు పడవు. సాయంత్రం ఆసుపత్రిలో, ఆయన పోయాక, తువ్వాలు మడిచి భార్య చేతికిచ్చారు. మర్నాడు పోలీసులకు అసలు వీడియో దొరికింది. నలభై సెకన్లు. అందులో పౌడరు సంచి, దాని మీద అక్షరాలు పిల్లాడు కూడా చదివేంత స్పష్టంగా ఉన్నాయి. తీసినవాడు ఊరికే తీశానన్నాడు.

కొవ్వొత్తులు పట్టుకుని నడవద్దు. ఫోన్లు తీయండి. ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ ఒక్కొక్కరుగా రాయండి: అది అబద్ధం, పంపింది నేను, అని మీ పేరు పెట్టి. ఆ ఛానలు ఎన్నిసార్లు చూపించిందో అన్నిసార్లూ అదే ఎర్ర అక్షరాలతో తప్పు ఒప్పుకోవాలి. ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు, ముందేముంది, వెనకేముంది, ఇవి అడగందే వేలు కదపకండి. రాయటానికి చెయ్యి రాకపోతే ఇప్పుడే చివరి వీధికి వెళ్లండి. కుళాయి గట్టు మీద, బిరడా పెట్టిన చిన్న గాజు గొట్టం ఇంకా నిలబడే ఉంది. అందులో పరీక్ష మందు చుక్కలు వేస్తే, పౌడరు సరిగ్గా కలిసిన మంచి నీళ్లు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. తిరిగాయి.